పొలిగీతకు అవతల

పటాన్‌చెరు దాటి వాగు పక్కన పోయే మట్టి రోడ్డు మీద ఈదులకుంట వస్తుంది. ఆ ఊరికి హద్దు ఎక్కడ అంటే పట్వారీ నక్షా ఒక మాట చెప్పేది, పంచాయతీ కాగితం ఇంకో మాట చెప్పేది. ఊరివాళ్లు మాత్రం మొగులయ్య కాళ్లు చెప్పిందే నమ్మేవాళ్లు.

ఆషాఢంలో పోచమ్మ పండుగ నాడు యాటపోతును కోసి, ఆ నెత్తురు కలిపిన పసుపు అన్నం, అదే పొలి, గంపకెత్తి మొగులయ్య నెత్తిన పెట్టేవాళ్లు. ఆయన "పొలి... పొలి..." అని కేకేస్తూ, మెతుకులు చల్లుకుంటూ ఊరి చుట్టూ ఉరికేవాడు. ఆయన ఉరికిన దారే ఊరి గీత. గీత లోపల ఉన్నవాళ్లను తల్లి కాస్తుంది. రోగం, రొష్టు ఏమున్నా గీత బయటికి పోవాలి. ఆ పొద్దు ఊర్లో నిద్ర లేచినవాళ్లు మళ్లీ తెల్లవారేదాకా గీత దాటకూడదు. దాటితే, తరిమిన రోగం వాళ్ల కాలి వెంబడే తిరిగి ఊర్లోకి వస్తుందని నమ్మకం. మొగులయ్య తాత ఉరికాడు, అయ్య ఉరికాడు, ఇప్పుడు మొగులయ్య ఉరుకుతున్నాడు. కాకపోతే ఆయన మందుల ఫ్యాక్టరీలో తోటమాలి. పొలి నాటికి సెలవు చిట్టీ రాసిచ్చి వచ్చి మరీ ఉరకాలి.

రాజవ్వ ఒకప్పుడు ఆ గీతకు నడిమధ్యన కాపురం చేసిన మనిషి. మెట్టినింటి పొలం ముప్పాతిక ఫ్యాక్టరీ గోడ కిందికి పోయింది. పైసలు చేతికి వచ్చిన ఏడే మొగుడు కామెర్లతో పోయాడు. మిగిలింది వాగవతల రాళ్ల చెలక. అందులో జొన్నలు చల్లితే పిట్టలకు కూడా కడుపు నిండేది కాదు. రాజవ్వ ఆలోచన చేసి, ఆ చెలకలో రెండు వరసలు రూములు కట్టించి, ముందర రేకుల వసారా దింపింది. అప్పుడు ఊరంతా నవ్వింది. "రాళ్లల్ల ఇటుకలు నాటితె మొలుస్తయా?" అన్నారు. మొలిచాయి. మేస్త్రీ తడిగోడలకు నీళ్లు చల్లుతుండగానే కిరాయికి మనుషులు వచ్చారు. రూముల వెనక, కంట్రాక్టు కూలీలు గుడిసెలు వేసుకున్నారు. వానలకు ఊర్లో మట్టిల్లు కూలినప్పుడు రాజవ్వ దాన్ని మళ్లీ లేపకుండా చివరి రూములో తానే దిగింది. కిరాయిదార్ల మీద కన్ను ఉండాలి కదా.

ఒక్కొక్క రూమూ ఒక్కొక్క దేశం. మొదటి రూములో బీదర్ దిక్కు నుంచి వచ్చిన సంగప్ప, బాయిలర్ దగ్గర బొగ్గు ఎత్తుతాడు. దాని పక్కన శ్రీకాకుళం రాధమ్మ, మొగుడు వెల్డరు, తాను గోడల పనికి పోతుంది. ఆ తర్వాతి రూములో బిహారు పిల్లలు. వాళ్లలో ఒకడు డ్యూటీ నుంచి వస్తే ఒకడు పోతాడు. ఆ రూములో చాప ఎన్నడూ చల్లబడదు. వాళ్లు రాజవ్వను "మౌసీ" అంటారు. రాజవ్వ వాళ్లతో మాట్లాడే హిందీ వింటే బిహారు ముఖం చూడని వాళ్లకు కూడా నవ్వొస్తుంది.

ఆ ఏడు, తొంభై ఒకటిలో, జనాభా లెక్కలు వచ్చాయి. సంగారెడ్డి నుంచి రోజూ బస్సులో వచ్చి ఊరి బడిలో చదువు చెప్పే సుమిత్ర టీచరుకు ఆ పని పడింది. ఎండలో ఇల్లిల్లూ తిరిగి, ఊరు ముగించుకుని, వాగు దాటి రాజవ్వ వసారాలో కూలబడింది.

"ఇదేం ఊరు రాజవ్వా! ఎవరిని ఏం పని అని అడిగినా ఎవుసమే అంటరు. ఖాకీ బట్టలేసుకొని, టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకొని నిలబడ్డోడు గూడ ఎవుసమే రాసుకో అంటడు. పొలాలేమో గోడల కిందున్నయి. ఏ మన్ను దున్నుతున్నరు వీళ్లు?"

"దున్నుడెక్కడిది టీచరమ్మా! మిగిలిన నాలుగు మడులు వాగు నీళ్లకు మాడిపాయె. కాని పేరడిగితె పేరు చెప్పినట్టు, పనడిగితె ఎవుసమని నోటికొస్తది. గంతే."

"మరి మీ పని ఏమని రాయాలె?"

"ఎవుసమే రాయి. అప్పుడు జొన్నలు పండేటియి, ఇప్పుడు రూములు పండుతున్నయి" అన్నది రాజవ్వ.

టీచరు నవ్వింది. పోయేటప్పుడు వెనక్కి తిరిగి రూములనూ గుడిసెలనూ ఒకసారి చూసింది. "ఊర్లె ఎంతమందో ఈడ గూడ దగ్గరదగ్గర గంతమంది అయిండ్రు రాజవ్వా. మీ ఊరోళ్లకు చెప్తె నమ్మరు" అన్నది.

రాజవ్వ ఆ మాటను పెద్దగా పట్టించుకోలేదు. ఆమె మనసంతా నీళ్ల మీద ఉంది.

వాగులో నీళ్లు ఒక దినం పచ్చగా, ఒక దినం తేయాకు డికాక్షన్‌లా పారేవి. మొదట బర్లు ఆ నీళ్లు తాగనన్నాయి. బర్లకున్న తెలివి మనుషులకు లేక ఇంకో రెండేండ్లు బావులు తోడుకున్నారు. తర్వాత బావుల్లోనూ అదే రంగు దిగింది. బిందెలో పట్టిన నీళ్ల మీద నూనె తెట్టు కట్టేది. వాగవతల ప్రతి రూములో ఎవరికో ఒకరికి కడుపు నొప్పో, ఒంటి మీద దద్దులో. టాంకరు వస్తే ఊర్లోనే సగం ఖాళీ అయ్యేది. వాగు దాటేసరికి అడుగు నీళ్లు. ఆ ఎండకాలం రూముల్లోంచి ఒక కుటుంబం సామాను మూట కట్టి బీరంగూడకు పోయింది. "కిరాయి ఎక్కువైనా ఆడ నీళ్లున్నయి మౌసీ" అని చెప్పి పోయారు. ఆ రూము తాళం ఇంకా తీయలేదు. ఒక్కొక్కటి అట్లా తాళం పడుతూ పోతే రాజవ్వ తినేదేంది? ఆ రాళ్లల్లో మళ్లీ జొన్న మొలవదు.

అట్లాంటి వేళ, పై నుంచి ఆర్డరు వచ్చింది. ఫ్యాక్టరీలన్నీ కలిసి ఈదులకుంటకు మంజీర నీళ్ల పైపు వేయించాలట. ఇంటింటికీ నల్లా. రోడ్డు పక్కన పైపులు కుప్ప పోశారు. విశ్వేశ్వర్ అనే సూపర్‌వైజరు పైపుల పక్కనే గుడారం వేసుకుని దిగాడు. తవ్వాల్సిన చోటల్లా సున్నం గీతలు గీయించాడు. ఆ సున్నం బడి ముందు నుంచి, చావిడి ముందు నుంచి వచ్చి, వాగు ఒడ్డున ఆగిపోయింది.

రాజవ్వ గుడారానికి పోయింది. "సారూ, వాగు కాడ మీ సున్నానికి కాళ్లు నొచ్చినయా? గాడనే కూసున్నది."

విశ్వేశ్వర్ సంగారెడ్డి కోమటోళ్ల పిల్లగాడు, మాట మెత్తన. "నాకు పైపులు తక్కువ లేవమ్మా. మీ పెద్దమనిషి ఊరు ఎక్కడిదాకా అంటె అక్కడిదాకా వేసుడే నా పని. ఆయన వాగుదాకానే అన్నడు" అన్నాడు.

పెద్దమనిషి అంటే పెద్దరాములు. రాజవ్వ మొగునికి పెదనాయిన కొడుకు, వరసకు బావ. పంచాయతీలో ఎవరు కూర్చున్నా ఊరి మాట ఆయన నోటి నుంచే రావాలి. రాజవ్వ పోయేసరికి చావిడి అరుగు మీద చుట్ట కాలుస్తున్నాడు. ఆమె తల మీద కొంగు సవరించుకుని నిలబడ్డది.

"బావా, సున్నం వాగు దాటలేదు."

"దాటది."

"ఎందుకు దాటది? నేను ఈ ఊరి కోడల్ని గానా?"

"నువ్వు కోడలివే రాజవ్వా. నీ రూములు ఊరు గాదు. ఊరంటె ఏంది? పొలి లోపలున్నదే ఊరు. మా తాతలనాటి నుంచి మొగులయ్యోళ్లు వాగు దాటి ఉరికిండ్రా? లేదు. మరి నేనెట్ల దాటిస్త?"

"అయితె పొలిని గూడ ఈసారి వాగు దాటియ్యి. గంప నేను పట్టుకొస్త."

పెద్దరాములు చుట్ట తీసి ఆమె వంక చూశాడు. "సులువుగ అన్నవ్. పొలి లోపలికి వస్తె కట్టడి లోపలికి గూడ రావాలె. ఆ దినం నీ బిహారోళ్లు, బీదరోళ్లు డ్యూటీకి పోకుంట కూసుంటరా? ఒక్కడు గీత దాటినా ఊరికే ముప్పు. పూచీ పడుతవా?"

రాజవ్వకు ఆ మాట న్యాయంగానే తోచింది. పుట్టినూర్లోనూ ఆమె అట్లాంటి కట్టడిలోనే పెరిగింది. అడిగి చెప్తా అని తిరిగి వచ్చింది.

సాయంత్రం వసారాలో కిరాయిదార్లను కూర్చోబెట్టి సంగతంతా చెప్పింది. ఒక్క దినం డ్యూటీ మానండి, నల్లా వస్తుంది అన్నది.

సంగప్ప మెడ మీది బొగ్గు తుడుచుకున్నాడు. "అవ్వా, నేను పర్మనెంటోణ్ణి గాదు. ఒక్క దినం గేటు కాడ కనపడకపోతె కంట్రాక్టరు నా జాగల ఇంకోణ్ణి నిలబెడ్తడు. నీళ్లు వచ్చి ఏం లాభం, నేను బీదర్‌ల తాగాలె."

బిహారు పిల్లలు తమలో తాము మాట్లాడుకుని తలలు అడ్డంగా ఊపారు. రాధమ్మ మాత్రం ఇంకేదో ఆలోచనలో ఉంది.

"ఒక మాట అడుగుతానమ్మా, ఏటీ అనుకోకు. ఊర్లోంచి రోగాన్ని బయటికి తోలెత్తారు గదా. తోలితే అదెక్కడికెల్తాది?"

"బయటికి."

"బయటంటే మేమే గదమ్మా."

పండుగ నాడు పొలి పోసి రోగాన్ని తరిమాం అని సంబురంగా ఇంటికి వచ్చి యాట కూర తిన్న ఆ ఏండ్లన్నీ రాజవ్వకు గుర్తొచ్చాయి. ఆ రోగం ఎటు పోయిందని ఒక్కనాడూ అడిగింది లేదు. అప్పుడు వాగవతల రాళ్లే ఉండేవి.

మర్నాడు వసారా ఊడుస్తుంటే ఆమె చీపురు ఆగింది. సంగప్పోళ్లు ఒక్క దినం మానలేరు సరే. మరి ఊరోళ్లు ఎట్ల మానుతున్నరు? ఊర్లో పొలం మీద బతికేటోడు ఎవడున్నాడిప్పుడు? పెద్దరాములు కొడుకు వెంకటేశం పెద్ద కంపెనీలో ఫిట్టరు. వాని దోస్తులంతా ఏదో ఒక గేటు లోపలికి పోయేవాళ్లే. పొలి నాడు వాళ్లెవరి డ్యూటీ పోలేదు, ఎవరి జీతం కోయలేదు. ఎందుకు పోలేదో ఈ లోకంలో రాజవ్వకంటే ఎక్కువ ఎవరికి తెలుసు?

పొలికి ముందరి సాయంత్రం వాళ్లంతా దుప్పట్లు చంకన పెట్టుకుని వాగు దాటి వచ్చి, ఈ వసారాలోనే పడుకుంటారు. గీత బయట నిద్ర లేచినవానికి కట్టడి లేదు. తెల్లవారి ఇటు నుంచి ఇటే డ్యూటీకి పోతారు, మరునాడు ఊర్లోకి పోతారు. తల్లికి కోపం రాదు, మేనేజరుకూ కోపం రాదు. రూములు కట్టిన ఏడాది ఎవరో ఒకరు మొదలుపెట్టారు, తర్వాత అదే ఆనవాయితీ అయింది. రాజవ్వ వాళ్లకు పెద్ద డేగిశలో అన్నం వండి, పప్పు చేసి పెట్టేది. ఆ ఒక్క సాయంత్రం ఊరంతా తన గడపలో ఉన్నట్టు సంబరపడేది.

"ఓరి మీ ఇంట్ల దీపం వెలుగ!" అని చీపురు పక్కకేసి కూర్చుంది. ఊరు తనను మరిచిపోయి బయట ఉంచిందనుకున్నది ఇన్నాళ్లు. మరిచిపోలేదు. ఊరికి ఒక బయట కావాలి. ఆ బయట తానే.

పొలికి ముందరి దినం పొద్దు వాలుతుండగా మబ్బు పట్టింది. వెంకటేశం ముందర, వాని వెనక దుప్పట్లు, టిఫిన్ డబ్బాలు పట్టుకుని ఊరి మగపిల్లలు బండల దారి మీద వాగు దాటి వచ్చారు. చూస్తే దడి దగ్గర దారికి అడ్డంగా తుమ్మకంప. కంప వెనక రాజవ్వ, నడుముకు కొంగు చుట్టి.

"చిన్నమ్మా, కంప గుంజు జెర. వాన పడేటట్టుంది" అన్నాడు వెంకటేశం.

"ఎవలయ్యా మీరు? ఏ ఊరు?"

"పరాచికాలు తర్వాత గని, ఆకలైతున్నది. పప్పు చేసినవా?"

"పరాచికం గాదు బిడ్డా. మీ నాయిననే చెప్పిండు, ఇది మీ ఊరు గాదట. ఊరు గాని ఊర్లె, ముఖం ఎరుగనోళ్లను ఆడమనిషి ఎట్ల పండుకోనిస్తది? దొంగలో, దొరలో!"

వెనక నుంచి ఒకడు మెడ నిక్కించాడు. "గట్లంటవేంది చిన్నమ్మా! నా బొడ్డు కోసింది నువ్వే గద!"

"కోసిన చెయ్యే చెప్తున్నది. ఎనుకకు పో."

కొందరు నవ్వారు. కానీ కంప కదలలేదు. ఒకడు ముందుకు పోయి ఫ్యాక్టరీ గోడ పక్కన పడుకుందాం అన్నాడు. అక్కడ పాములు, పైగా వాన అని ఇంకొకడు అన్నాడు. "ఊర్లెకే పోయి పండుకుందాం తియ్యి, ఒక్క దినం మానుదాం" అని ఎవరో అనేసరికి వెంకటేశం ముఖం మాడింది. వాడికి పైపోస్టు మాట నడుస్తున్నది, ఇప్పుడు గైరుహాజరైతే అంతే. ఎవరో ఒకరు ఉరికి పోయి పెద్దరాములును పిలుచుకొచ్చారు.

ఆయన వాగు దాటి రావడమే కోపంగా వచ్చాడు. "రాజవ్వా! రేపు పొలి పెట్టుకొని ఇదేం లొల్లి? ఊరి పరువు తీస్తున్నవ్!"

"నాది ఊరే గాదంటివి. లేని ఊరి పరువు నేనెట్ల తీస్త బావా?"

"మాటకు మాట గాదు. పిలగాండ్ల నౌకర్లు పోతయి!"

"నా కిరాయిదార్ల నౌకర్లు పోతయంటె కట్టడి అన్నవ్. నీ కొడుకు నౌకరి అయితె లొల్లి అంటున్నవ్. కట్టడి కొందరికేనా?"

పెద్దరాములు ఉక్కిరిబిక్కిరయ్యాడు. జనం ముందు ఆడమనిషి మాటకు తగ్గడం ఆయనకు అలవాటు లేదు. "సరే! రేపు మొగులయ్యను వాగు దాటిస్త. నీ రూములు, గుడిసెలు అన్ని లోపలికే తీసుకుంట. కట్టడి గూడ లోపలికే వస్తది. అప్పుడు నువ్వే నీ బిహారోళ్లను తాళ్లతోని కట్టేసుకో. సరేనా?" అని గద్దించాడు.

రాజవ్వ నోరు తెరిచేలోపల వెంకటేశం గాబరాగా ముందుకు వచ్చాడు. "నాయినా, గట్లయితె మేం యాడ పండుకోవాలె?"

ఏండ్లకేండ్లు అందరూ చేస్తున్న పనే, కానీ ఒక్కరూ నోటితో అనని మాట. పెద్దరాములు కొడుకు వైపు చూసి, చుట్ట కోసం జేబులు తడుముకున్నాడు. చుట్ట లేదు.

రాజవ్వకు ఆయన మీద అప్పుడు కొంచెం జాలి కలిగింది. గొంతు తగ్గించింది. "పొలి వద్దు బావా. నాకు సున్నం కావాలె. సున్నం వాగు దాటితె చాలు."

ఆయన కూడా గొంతు తగ్గించాడు. "నీకు తెల్వది రాజవ్వా. పైపు ఎంత పొడుగైతె ఊర్లె ధార గంత సన్నగైతది. రేపు నల్లా కాడ ఆడోళ్లు నన్ను తిట్టరా?"

ఇదీ అసలు సంగతి. రాజవ్వ దాన్ని కొట్టిపారేయలేదు. నీళ్ల కోసం కొట్లాడిన చేతులే ఆమెవి. "తిడ్తరు. బిందె నిండేదాక తిడ్తరు. నిండినంక ఇంటికి పోతరు. సన్నగ వచ్చినా నీళ్లు నీళ్లే గద బావా. మాకు ఇప్పుడు సన్నగ గూడ లేవు."

"రేపు పండుగ కానీ. ఎల్లుండి సూపర్‌వైజరుకు చెప్త."

"ఏరు దాటేదాక ఓడ మల్లన్న, దాటినంక బోడి మల్లన్న. నేను ఎరుగనా? ఆ పిలగాడు గుడారంలనే ఉన్నడు. ఇప్పుడు పిలిపించు."

ఆయన ముఖం పక్కకు తిప్పుకుని చెయ్యి ఊపాడు. అది చాలు, వెంకటేశం దోస్తులు నలుగురు వాగు దాటి ఉరికారు. పోయినంత జల్దీగా విశ్వేశ్వర్‌ను, సున్నం తట్టను తీసుకొచ్చారు. వాడు లుంగీ మీదనే ఉన్నాడు, ఒక చేతిలో టార్చి. "ఏమైంది, ఏమైంది?" అంటున్నాడు.

పెద్దరాములు నేలకేసి చూస్తూ అన్నాడు. "వాగవతలిది గూడ మాదే. పైపు ఈ రూముల దాక గియ్యి. ధార సన్నగైతదా?"

"సన్నగైతది. ఆగిపోదు" అన్నాడు విశ్వేశ్వర్. తట్ట చేతిలో పట్టుకున్న పిల్లలే బండల దారి పక్కన, దడి కింద, వసారా ముందు దాకా సున్నం పోసుకుంటూ వచ్చారు. పండుగకు ముగ్గులు పెడుతున్నట్టే ఉంది వాళ్ల తొందర. రాజవ్వ కంపను పక్కకు లాగింది.

పోతూ పోతూ పెద్దరాములు ఆగాడు. "నీళ్లిచ్చిన. పొలి మాత్రం దాటది రాజవ్వా. గది యాదికుంచుకో. రేపటి సంది నువ్వు గీత బయటిదానివే."

"యాదికున్నది బావా."

అన్నది గాని, అన్నం వడ్డిస్తున్నంతసేపూ ఆ మాట చెవిలో మెదులుతూనే ఉంది. ఇన్నేండ్లూ బయటే ఉంది. కానీ ఎన్నడో ఒకనాడు గీతే వాగు దాటి తన దాకా వస్తుందని లోపల ఎక్కడో ఒక ఆశ ఉండేది. ఆ ఆశను తానే ఈ పొద్దు నీళ్లకు మారకం వేసింది.

తెల్లవారి వసారా ఖాళీ అయింది. వెంకటేశం, వాని దోస్తులు చాయ తాగి, బండలదారికి వీపు తిప్పి, ఫ్యాక్టరీ రోడ్డు పట్టారు. సంగప్ప, బిహారు పిల్లలు కూడా వాళ్లతోనే నడిచారు. అందరి డబ్బాలూ ఒక్కతీరుగానే మోగాయి. ఎవడు ఊరివాడో ఎవడు రూమువాడో వెనక నుంచి చూస్తే తెలియలేదు.

పొద్దు ఎక్కినంక ఊరివైపు డప్పులు లేచాయి. రాజవ్వ, రాధమ్మ వాగు ఒడ్డున నిలబడ్డారు. అవతలి ఒడ్డున నెత్తి మీద గంపతో, ఒళ్లంతా పసుపుతో మొగులయ్య ఉరికి వచ్చాడు. వయసు మీద పడ్డది, రొప్పుతున్నాడు. డప్పులవాళ్లు వెనక ఎక్కడో ఉండిపోయారు. వాగు దగ్గర ఆయన ఆగి, ఇటు చూశాడు.

"వదినె! ఎవలు లేరు. ఒక్క గంతు ఏసి నీ రూములు చుట్టుకొస్తనా? నా కాలు పడ్డదే గీత. ఎవడడుగుతడు?"

ఒక్క గంతు. రాజవ్వ నోట్లో ఔను అనే మాట నాలుక చివర దాకా వచ్చింది.

"వద్దు మొగులయ్యా" అన్నది. "పిలగాండ్లు ఈ వసారల నిద్ర లేచి డ్యూటీకి పోయిండ్రు. ఇప్పుడు నువ్వు దీన్ని లోపలికి తెస్తె వాళ్లందరు గీత దాటినోళ్లైతరు. ఊరి మీదికి ఎందుకు తెచ్చుడు? నువ్వు పో. జెర నీడకు కూసొని పో."

మొగులయ్య గంప సవరించుకుని, తల ఊపి, "పొలి... పొలి..." అంటూ ఒడ్డు వెంబడి పోయాడు. పసుపు మెతుకులు రెండు మూడు వాగులో పడి, ఆ డికాక్షన్ రంగు నీళ్ల మీద తేలుతూ పోయాయి.

రాధమ్మ వాటిని చూస్తూ ఉంది. "ఇటే తోలీసినాడమ్మా రోగాన్ని" అన్నది.

"రోగం గీతల్ల లేదే రాధమ్మా. ఆ నీళ్లల్ల ఉన్నది. ఊర్లె ఉన్నది, ఈడ ఉన్నది. మెతుకులకు పోయేటిదైతె నా మొగుడు పోయేటోడు గాదు" అన్నది రాజవ్వ. అని, తన నోటి మాటకు తానే బెదిరి, వాగవతలికి ఒకసారి చేతులు జోడించింది. తల్లి తల్లే కదా.

ఇంటికి వచ్చాక ఆమెకు కూర్చోబుద్ధి కాలేదు. పొలి నాడు వాగు గట్టున నిలబడి డప్పులు వినడమే తప్ప, గడప దాటి ఎటో పోయిన జ్ఞాపకం లేదు. రూములకు వచ్చాక కూడా ఆ కట్టడిని ఎవరూ అడగకపోయినా తానే పాటించింది. ఈ పొద్దు తాళం వేసి, రాధమ్మను వెంటబెట్టుకుని, ఫ్యాక్టరీ రోడ్డు దాకా నడిచి పటాన్‌చెరు బస్సు ఎక్కింది. కిటికీలోంచి ఫ్యాక్టరీ గోడలు వెనక్కి పోతున్నాయి. ఏ గోడ కింద తన పొలం ఉందో ఇప్పుడు ఆనవాలు పట్టలేకపోయింది.

పటాన్‌చెరు బజారులో బద్రీనాథ్ సేటు ఇనుప సామాను దుకాణం. ఒకప్పుడు నాగళ్ల కర్రులు, బండి పట్టాలు అమ్మిన దుకాణమే. ఇప్పుడు గోడ నిండా పైపులు, బోల్టులు, నల్లాలు వేలాడుతున్నాయి. సేటు ఆమెను గుర్తుపట్టి కళ్లద్దాలు పైకి జరుపుకున్నాడు.

"రాజవ్వా! మీ ఊర్ల ఈ దినం పొలి గద. ఎట్ల వచ్చినవ్?"

"ఊరోళ్లు రాలే సేటూ. రూములోళ్లం వచ్చినం. నల్లాలు చూపియ్యి."

సేటు రెండు రకాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి ఇనుపది, ఒకటి ఇత్తడిది. "ఇనుపది చవుక. ఎక్కువమంది వాడేదైతె ఇదే తీస్కపోతరు" అన్నాడు.

రాజవ్వ ఇనుప నల్లాను చేతిలో తిప్పి చూసి పక్కన పెట్టింది. "ఇత్తడిదే ఇయ్యి. ఇనుమును మా నీళ్లు తొందరగ తింటయి."

"అవి పాత నీళ్లు గద రాజవ్వా. ఇప్పుడు వచ్చేటివి మంజీర నీళ్లు. తియ్యగుంటయి. ఏం కాదు."

రాజవ్వ ఆలోచించింది. సేటు చెప్పింది నిజమే కావచ్చు. సున్నం ఐతే పడ్డది, పైపు ఇంకా పడాలి, పైపులోకి నీళ్లు రావాలి, వచ్చిన నీళ్లు సన్నగానైనా వాగు దాటాలి. అయినా ఆమె చేయి ఇత్తడి నల్లాను వదలలేదు.

"అయినా ఇదే ఇయ్యి సేటూ" అన్నది. "రాధమ్మా, నువ్వు తిప్పి చూడు, గట్టిగున్నదా?"